పోస్టు డబ్బాలో వేసిన ఓటు

మా బాపు పీవీ నరసింహారావుకు ఓటు వేయలేదు. ఈ ముక్క ఇన్నేళ్ళూ ఇంటి గడప దాటలేదు. ఒక ఫిబ్రవరిలో మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో దాటింది. సరిగ్గా చెప్పాలంటే 2024 ఫిబ్రవరి 9న, ఆయనకు భారతరత్న ప్రకటించిన రోజు. ఆ సంగతి చివర్న చెప్తాను. ముందు ఆ ఓటు సంగతి.

మాది హన్మకొండ. బాపు సర్కారు బడిలో తెలుగు పండిట్. 1984 డిసెంబర్‌లో నాకు తొమ్మిదేళ్ళు. ఇందిరాగాంధీ చనిపోయి రెండు నెలలు కూడా కాలేదు, లోక్‌సభ ఎన్నికలు వచ్చాయి. బాపుకు ఎలక్షన్ డ్యూటీ పడింది. డ్యూటీ పడిన సార్లలో కొందరికి ఓటు పోస్టులో వచ్చేది. అట్లా ఒకరోజు మా ఇంటికి ఒక పెద్ద కవరు వచ్చింది. అందులో ఇంకో చిన్న కవరు, సంతకం పెట్టాల్సిన కాగితం, బ్యాలెట్ కాగితం.

రాత్రి అన్నం తిన్నాక బాపు చాప మీద కూర్చుని, నా పలకను ఒళ్ళో పెట్టుకుని, దాని మీద ఆ కాగితం పరిచాడు. పెన్ను తెమ్మంటే నేను ఎర్రది తెచ్చాను, పరీక్ష పేపర్లు దిద్దే పెన్ను. "నీలిది తేరా" అన్నాడు. తెచ్చి, అక్కడే నిలబడ్డాను. పొమ్మన్నాడు గానీ గట్టిగా అనలేదు. కాగితం మీద పేర్లు తెలుగులోనే ఉన్నాయి, నాకు చదవడం వచ్చు. పీవీ మీద నిలబడిన బీజేపీ జంగారెడ్డి పేరు పక్కన బాపు ఇంటూ గుర్తు పెట్టాడు.

పంతులు కొడుకుని. ఇంటూ అంటే నాకు తెలిసింది ఒక్కటే.

"బాపూ, జంగారెడ్డిది తప్పా?"

బాపు పగలబడి నవ్వాడు. "ఎలక్షన్ల ఇంటూ పెడితేనే పాసురా" అన్నాడు. తర్వాత నవ్వు ఆపి, చిన్న కవరు అంటించి, పెద్ద కవర్లో పెట్టి, "ఎవ్వలకు జెప్పకు" అన్నాడు. మర్నాడు వాళ్ళ హెడ్మాస్టర్‌తో సంతకం చేయించుకొచ్చాక ఆ కవరు చౌరస్తా దగ్గరి ఎర్ర డబ్బాలో వేసి రమ్మని నాకే ఇచ్చాడు. మునివేళ్ళ మీద నిలబడితేగానీ నా చెయ్యి డబ్బా నోటి దాకా అందలేదు. కవరు లోపల పడిన చప్పుడు వినబడే దాకా అక్కడే ఉన్నాను.

ఆ ఎన్నికలో పీవీ 50 వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయాడు. దేశమంతా సానుభూతి గాలి. కాంగ్రెస్‌కు 400 దాటాయి. బీజేపీకి దేశం మొత్తం మీద రెండంటే రెండు సీట్లు వచ్చాయి. ఒకటి గుజరాత్‌లో మెహసానా, రెండోది మా హన్మకొండ. ఓడించింది ఎవరినయ్యా అంటే, అప్పటి దాకా కేంద్ర హోంమంత్రిగా ఉన్న మనిషిని, 1977లో, 1980లో మేమే గెలిపించి పంపిన మనిషిని, మా పక్క వంగరలో పెరిగిన మనిషిని.

ఇక్కడ ఒక మాట. బాపుకు పీవీ అంటే పడక ఓటు వేయలేదనుకుంటే పొరపాటు. మా ఇంట్లో ఆయన గురించి చెప్పినంతగా ఇంకే నాయకుడి గురించీ చెప్పలేదు. లక్నేపల్లిలో పుట్టి వంగరకు దత్తత పోవడం, ఉస్మానియాలో వందేమాతరం పాడినందుకు చదువు ఆగితే నాగ్‌పూర్ పోయి చదువుకోవడం, వరంగల్‌లో పాములపర్తి సదాశివరావుతో కలిసి కాకతీయ పత్రిక నడపడం, ఇద్దరూ జయ-విజయ అని పేరు పెట్టుకుని రాయడం, ఇవన్నీ బాపు నాకు కథల్లా చెప్పేవాడు. తెలుగు అకాడమీ పెట్టినప్పుడు విద్యామంత్రి ఆయనే అని తెలుగు పండిట్ల మీటింగులో లేచి నిలబడి చెప్పే రకం. 1957 నుంచి మంథని ఎమ్మెల్యే, 1971లో ముఖ్యమంత్రి. వెనక ఏ గ్రూపూ లేనివాడని, అందుకే ఇందిరాగాంధీ ఆయన్ను కూర్చోబెట్టిందని చెప్పుకునేవారు. భూసంస్కరణలు అన్నాడు. భూములున్నవాళ్ళకు మండింది. అటు స్థానికులకే ఉద్యోగాలనే ముల్కీ నిబంధనల గొడవ, ప్రత్యేక ఆంధ్ర కావాలనే జై ఆంధ్ర ఉద్యమం. 1973 జనవరికల్లా కుర్చీ దిగిపోయాడు. బాపు లెక్కలో అది ఓటమి కాదు. "భూమి మీద చెయ్యేస్తే ఎవడైనా దిగాల్సిందే" అనేవాడు.

మరి ఓటెందుకు వేయలేదు? 1984 ఆగస్టు. ఎన్టీఆర్ అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చేసరికి గవర్నర్ రామ్‌లాల్ ఆయన్ను దించి నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రి కుర్చీ ఎక్కించాడు. నెల రోజులు రాష్ట్రం అట్టుడికింది. ఆ నెల ఢిల్లీలో హోంమంత్రి కుర్చీలో ఉన్నది మన తెలుగాయనే. బాపుకు ఎన్టీఆర్ మీద కూడా కోపమే. రిటైర్మెంటు వయసు 58 నుంచి 55కు తగ్గించి, వాళ్ళ హెడ్మాస్టర్లలో చాలామందిని ఒక్కరోజులో ఇంటికి పంపాడని. అయినా సరే, ఓట్లు వేసి గెలిపించిన మనిషిని దొడ్డిదారిన దించితే పక్కనే ఉండి ఊరుకుంటాడా అన్నది ఆయన బాధ. ఆ తర్వాత అక్టోబర్ 31, ఇందిర హత్య. ఢిల్లీలో సిక్కులను వెతికి వెతికి చంపారు. అప్పుడూ హోంమంత్రి ఆయనే. బాపు పేపరు చదివి మడిచి పక్కన పెట్టి, "ఇంత చదువు చదివి ఏం లాభం" అన్నాడు. ఆ మాట అమ్మతో అన్నాడో తనతో తనే అనుకున్నాడో నాకు తెలియదు. ఎన్నికల్లో తెలుగుదేశం మా సీటును బీజేపీకి వదిలేసింది. అట్లా జంగారెడ్డికి ఆ ఇంటూ పడింది.

పీవీ మహారాష్ట్రలో రాంటెక్ నుంచి కూడా నిలబడ్డాడు కాబట్టి లోక్‌సభకు పోనేపోయాడు. మరాఠీ వచ్చు, నాగ్‌పూర్ చదువు, అక్కడివాళ్ళు పరాయివాడనుకోలేదు. కాళిదాసు మేఘదూతంలో యక్షుడు శిక్షపడి పోయి కూర్చున్న రామగిరి ఆ రాంటెక్కేనంటారు. బాపు ఆ సంగతి తొమ్మిదేళ్ళ నాకు చెప్పి, "మనం గూడ ఒక యక్షున్ని ఎల్లగొట్టినం" అన్నాడు. ఆ మాటలో సంతోషం ఉందో లేదో ఇప్పటికీ తేల్చుకోలేను.

తర్వాత ఆయన మానవ వనరుల మంత్రి అయ్యాడు. నవోదయ బడులు ఆయన హయాంలోనివే. మా మేనత్త వాళ్ళది పరకాల దగ్గర పల్లెటూరు. వాళ్ళబ్బాయిని ఒక ఎండాకాలమంతా మా ఇంట్లో ఉంచుకుని బాపు నవోదయ పరీక్షకు చదివించాడు. వాడికి మామునూరులో సీటొచ్చింది. ఎక్కువ సీట్లు పల్లెటూరి పిల్లలకే కాబట్టి టౌన్లో ఉన్నందుకు నాకు రాలేదని అప్పట్లో చెప్పుకునేవాణ్ణి. మార్కులు రాక రాలేదన్నది అసలు సంగతి.

ఇక 1991. పీవీ ఆ ఎన్నికల్లో అసలు నిలబడనే లేదు. గుండె ఆపరేషన్ అయింది, పుస్తకాలు సర్దుకుని హైదరాబాద్ వచ్చేస్తున్నాడన్నారు. మే 21న శ్రీపెరంబుదూర్‌లో రాజీవ్‌గాంధీ హత్య. నెల తిరిగేసరికి జూన్ 21, శుక్రవారం, పీవీ ప్రధానమంత్రి. ఇంకో వారం పోతే 70 ఏళ్ళు నిండుతాయి.

ఆ రోజు మా వాడలో టీవీ ఉన్న మూడిళ్ళలో జనం గుమ్మాల దాకా నిలబడ్డారు. నేను టెన్త్ రాసి ఖాళీగా ఉన్నాను. మూతి బిగించుకుని, నవ్వకుండా ప్రమాణం చేస్తున్న ఆ ముఖం చూసి ఒక ముసలమ్మ, "ఇంత పెద్ద నౌకరి దొరికినా నవ్వడేందిరా" అంది.

మర్నాడు పొద్దున బాపుతో పాటు మూల మీది హోటల్‌కు పోయాను. రిటైరైన ఆర్టీసీ కండక్టర్, రేషన్ డీలర్, దవాఖానలో కంపౌండర్, టైలర్ సాబ్, అందరూ ఉన్నారు. హోటలాయన ఆ పూట చాయ్‌కి పైసలు తీసుకోలేదు.

"84ల మన వాడ ఓట్లు ఒక్కటి బోకుంట పీవీకే" అన్నాడు కండక్టర్.

"మా ఇంట్ల ఏడు" అన్నాడు డీలర్.

"మరి ఓడగొట్టిందెవలు?" అని టైలర్ సాబ్ నవ్వుతూ అడిగాడు.

"పరకాలోళ్ళు."

అందరూ అవునన్నారు. ఆ తర్వాత నెలలో పరకాల వైపు మా మేనత్త ఊరికి పోతే అక్కడి అరుగు మీద కూడా ఇదే ముచ్చట నడుస్తోంది. ఓడగొట్టింది మీ హన్మకొండోళ్ళే అని నన్ను చూసి అన్నారు. 50 వేల తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

హోటల్లో చివరికి కండక్టర్ బాపు వైపు తిరిగాడు. "పంతులు, నువ్వు?"

బాపు చాయ్ గ్లాసులోకి చూసి, "చెయ్యికే" అన్నాడు.

మా బాపు అబద్ధం ఆడగా నేను విన్నది అదే మొదటిసారి. దొంగ మెడికల్ సర్టిఫికెట్ పెట్టి సెలవు తీసుకోని మనిషి. నేను తల వంచుకుని నా బిస్కెట్ చాయ్‌లో ముంచాను. అది మెత్తబడి తెగి గ్లాసు అడుక్కి పోయింది. చెంచా అడగడానికి కూడా నోరు రాలేదు.

ఆ ఏడాది సంగతులు ఎన్ని చెప్పినా తరగవు. డాలర్లు రెండు వారాల దిగుమతులకు సరిపడా మాత్రమే ఉన్నాయని పేపర్లో రోజూ వార్తలు. జూలై 1న ఒకసారి, 3న ఇంకోసారి రూపాయి విలువ తగ్గించారు. 47 టన్నుల బంగారం ఇంగ్లండ్ బ్యాంకులో తాకట్టు పెట్టారు. బాపు అది చదివి వినిపిస్తుంటే అమ్మ రొట్టెలు కాల్చడం ఆపింది. మా చిన్నత్త పెళ్ళికి అమ్మ గాజులు వరంగల్‌లో సేటు దగ్గర కుదువలో ఉన్నాయి అప్పటికి.

"సర్కారు గూడ కుదువ వెడ్తదా?"

"వెట్టింది."

"మిత్తెంతనట?"

బాపు పేపరంతా వెతికాడు. మిత్తి సంగతి అందులో లేదు. అమ్మకు ఆ వార్త అసంపూర్తిగా అనిపించింది, మళ్ళీ రొట్టెల మీద పడింది. దేశం ఆ అప్పును ఆ ఏడాది లోపే తీర్చేసింది. మా అమ్మ గాజులు మాత్రం 1993 దసరాకు గానీ ఇంటికి రాలేదు.

జూలై 24న మన్మోహన్‌సింగ్ బడ్జెట్. దాని గురించి అందరూ చెప్తారు. అదే రోజు బడ్జెట్‌కు కొన్ని గంటల ముందు కొత్త పారిశ్రామిక విధానం సభలో పెట్టారు, చాలా పరిశ్రమలకు లైసెన్సులు ఎత్తేస్తూ. ఆ శాఖ పీవీ తన దగ్గరే పెట్టుకున్నాడు. కానీ సభలో పెట్టే పని సహాయమంత్రికి అప్పగించాడు. అంత పెద్ద పనిని అంత చప్పుడు లేకుండా చేయడం ఆయన తీరు. ఈ తీరే ఆయన్ను నిలబెట్టిందని నాకనిపిస్తుంది. కొన్నిచోట్ల ముంచింది కూడా ఇదే.

ప్రధాని అయ్యాక ఆర్నెల్లలో ఎంపీ కావాలి. మా సీటుకు రాలేదు. ఎందుకు రాలేదో వాడలో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. నంద్యాలలో గంగుల ప్రతాపరెడ్డి రాజీనామా చేసి దారి ఇచ్చాడు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ పోటీ పెట్టలేదు. నవంబర్‌లో ఓట్లు లెక్కపెడితే తేడా 5 లక్షల 80 వేలు. బీజేపీ నుంచి నిలబడిన బంగారు లక్ష్మణ్‌కు డిపాజిట్ కూడా రాలేదు. గిన్నిస్ బుక్కులోకి ఎక్కిందన్నారు. ఈ నంద్యాల కూడా చిత్రమైన ఊరు. 1977లో రాష్ట్రమంతా కాంగ్రెస్ 41 సీట్లు ఊడ్చుకుపోతే, జనతా పార్టీకి దక్కిన ఒకే ఒక్క సీటు అదే. అక్కడ గెలిచిన నీలం సంజీవరెడ్డి రాష్ట్రపతి అయ్యాడు. "మనం 84ల చేసిన పనికి నంద్యాలోళ్ళు జుర్మానా కట్టిండ్రు" అన్నాడు బాపు, ఇంట్లో, తలుపు వేసి ఉన్నప్పుడు.

1992 డిసెంబర్ 6, ఆదివారం. ఆ వారం నా కొత్త ప్యాంటు టైలర్ సాబ్ దగ్గర కుట్టడానికి ఇచ్చి ఉంది. ఆయన మా వాడలో పీవీ అభిమానుల్లో మొదటివాడు. పీవీకి ఉర్దూ వచ్చు, ఫారసీ వచ్చు, మన ఉస్మానియా గాలి పీల్చినవాడు అని బాపుతో గంటలు గంటలు చెప్పేవాడు. సాయంత్రం చాయ్ ఇద్దరూ కలిసే తాగేవాళ్ళు. ఆ ఆదివారం సాయంత్రం బీబీసీలో అయోధ్యలో బాబ్రీ మసీదు కూలిందని విన్నాం. మర్నాడు ప్రధాని మసీదును మళ్ళీ కట్టిస్తామన్నాడు. టైలర్ సాబ్ దుకాణం మూడు రోజులు తెరవలేదు. చాయ్‌కి రాలేదు.

నాలుగో రోజు బాపు నన్ను వెంటబెట్టుకుని పోయాడు. ప్యాంటు సాకు. షట్టరు సగం ఎత్తి ఉంది, వంగి లోపలికి పోయాం. మిషన్ మీద నా ప్యాంటే ఉంది, ఒక కాలు కుట్టి ఇంకో కాలు కుట్టకుండా. కొట్లో గోడకు 1991లో పేపర్లోంచి కత్తిరించి అంటించిన పీవీ ఫోటో అట్లాగే ఉంది. ఆయన చింపేయలేదు. బాపు స్టూలు మీద కూర్చున్నాడు. చాలాసేపు ఇద్దరూ ఏమీ మాట్లాడలేదు. చివరికి టైలర్ సాబ్, "ఆయనకు తెల్వకుండ అయిందంటరా పంతులు సార్?" అని అడిగాడు. బాపు జవాబు చెప్పలేదు. యూపీలో కల్యాణ్‌సింగ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు మాటిచ్చిందని, పీవీ దాన్ని నమ్మాడని, ముందే రాష్ట్రపతి పాలన పెట్టడానికి జంకాడని పేపర్లలో వచ్చినవన్నీ బాపుకు కంఠతా వచ్చు. ఒక్కటీ చెప్పలేదు. టైలర్ సాబ్ మిషన్ చక్రం మీద చెయ్యేసి, రెండో కాలు కుట్టడం మొదలుపెట్టాడు. మేము ఆ కాలు పూర్తయ్యేదాకా కూర్చున్నాం. పైసలు ఇస్తే లెక్కపెట్టకుండా డబ్బాలో వేశాడు.

మళ్ళీ చాయ్‌కి వచ్చాడు, కొన్నాళ్ళకు. పీవీ మాట మాత్రం ఎత్తలేదు.

ఆ తర్వాతి ఏళ్ళను నేను గబగబా దాటేస్తాను, బాపు కూడా అట్లాగే దాటేశాడు. సూట్‌కేసులో డబ్బిచ్చానని స్టాక్ బ్రోకర్ హర్షద్ మెహతా చేసిన ఆరోపణ. 1993 జూలై 28న అవిశ్వాసంలో 265కు 251, 14 ఓట్లతో గట్టెక్కడం, ఆ ఓట్లకు పైసలిచ్చారన్న కేసు. 1994 చివర్న సొంత రాష్ట్రంలో కాంగ్రెస్‌కు 294లో 26 సీట్లు. 1996లో దేశమంతా కలిపి 140. పీవీ మాత్రం నంద్యాలలో, ఒడిశాలో బరంపురంలో, రెండు చోట్లా గెలిచాడు. బరంపురం ఉంచుకున్నాడు. సెప్టెంబర్‌లో పార్టీ అధ్యక్ష పదవి పోయింది. 1998లో టికెట్టే ఇవ్వలేదు. ఐదేళ్ళు ఆ పార్టీని, ప్రభుత్వాన్ని మెజారిటీ లేకుండా మొదలుపెట్టి లాక్కొచ్చిన మనిషికి ఒక ఎంపీ టికెట్ దొరకలేదు.

అదే హోటల్లో, అదే బెంచీ మీద, అదే కండక్టర్ ఆ ఏడాది అన్న మాట: "గందుకే గదా 84లనే మనం ఓడగొట్టినం."

డీలర్ తలూపాడు. బాపు చాయ్ సగంలో వదిలేసి లేచాడు. పరకాలోళ్ళు ఆ పూటకు బతికిపోయారు.

2000 సెప్టెంబర్‌లో ప్రత్యేక కోర్టు పీవీని ఆ అవిశ్వాసం ఓట్ల ముడుపుల కేసులో దోషి అంది, ఆ తర్వాత మూడేళ్ళ శిక్ష వేసింది. మాజీ ప్రధానికి కోర్టు జైలు శిక్ష వేయడం దేశంలో అదే మొదలు. 2002లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. 2003 చివర్న లఖూభాయ్ పాఠక్ పెట్టిన మోసం కేసూ పోయింది. బాపు అప్పటికి రిటైరై ఉన్నాడు. పేపరు పూర్తిగా చదివే తీరిక దొరికింది గానీ, ఈ కేసుల వార్తలు వచ్చిన పేజీ చదవకుండా తిప్పేసేవాడు. కొట్టేసిన రోజు మాత్రం హైదరాబాద్‌లో నాకు ఫోన్ చేశాడు. ఆరోగ్యం, జీతం, వర్షాలు అన్నీ అడిగి, పెట్టేసే ముందు "ఆ కేసు పోయింది, చూసినవా" అన్నాడు.

2004 డిసెంబర్ 23న పీవీ ఢిల్లీలో చనిపోయాడు. తర్వాతి రోజు అంతా టీవీ ముందే ఉన్నాను. పార్థివ దేహం ఉన్న వాహనం అక్బర్ రోడ్‌లో కాంగ్రెస్ ఆఫీసు ముందు ఆగింది. గేటు తెరవలేదు. లోపలికి తీసుకుపోయి కాసేపు ఉంచుతారని అందరూ అనుకున్నారు. కాసేపు రోడ్డు మీదే ఉండి అక్కణ్ణుంచి విమానాశ్రయానికి కదిలింది. ఆ పార్టీకి ఐదేళ్ళు అధ్యక్షుడాయన.

ఆ రాత్రి బాపు ఫోన్. "తెల్లారి బస్సెక్కుతున్న. జూబ్లీహాల్ ఎక్కడ్రా?"

25న పొద్దున ఇమ్లిబన్ బస్టాండ్‌లో దింపుకుని ఆటోలో పబ్లిక్ గార్డెన్స్‌కు తీసుకుపోయాను. బాపు తెల్ల ధోవతి కట్టుకొచ్చాడు. మామూలుగా ప్యాంటే వేస్తాడు. పీవీ దేహాన్ని ఉంచిన జూబ్లీహాల్లో మా వంతు వచ్చినప్పుడు ఒక్క నిమిషం కూడా నిలబడనివ్వలేదు, పోలీసులు నడవండి నడవండి అంటున్నారు. ఆ ముఖం నేను మొదటిసారి దగ్గరగా చూడటం అదే. మూతి అట్లాగే బిగించి ఉంది. బాపు చేతులు జోడించి, ఏదో అనబోయి, వెనకవాళ్ళు నెడితే ముందుకు కదిలాడు.

బయటికొచ్చి తోటలో ఒక బెంచీ మీద కూర్చున్నాం. క్రిస్మస్ సెలవు కదా, పిల్లలు ఆడుకుంటున్నారు. బాపు చెప్పుల్లోంచి ఇసుక దులిపి, నా వైపు చూడకుండా అన్నాడు:

"నేను 84ల పువ్వుకేసిన."

"తెలుసు బాపూ."

"ఎట్ల తెలుసు?"

"నేనే గదా పోస్టు డబ్బాలో వేసింది. నువ్వు ఇంటూ పెడుతుంటే పక్కనే ఉన్న."

బాపుకు అది అసలు యాదిలేదు. పలక, ఎర్ర పెన్ను, ఇంటూ పెడితేనే పాసు, అన్నీ చెప్పాను. నవ్వాడు. నవ్వి, చాలాసేపు ఊరుకుని, "ఇప్పుడైనా గట్లనే ఏస్తుంటి" అన్నాడు. "అప్పుడు ఆయన చేసింది తప్పు. ఓటేయకపోతిని, అది సరే. ఇన్నేండ్ల సంది నన్ను గుచ్చేది అది గాదు. హోటల్ల కండక్టర్ అడిగితే చెయ్యికేసిన అన్న చూడు, అది."

"నేను అక్కడే ఉన్న బాపూ."

"నువ్వు ఉన్నవనే గదా."

దానికి నా దగ్గర మాట లేదు. మిర్చి బజ్జీలు తింటావా అంటే వద్దన్నాడు. మధ్యాహ్నం అంత్యక్రియలు జరిగే నెక్లెస్ రోడ్ వైపు పోయి, దగ్గరికి పోనివ్వకపోతే హుస్సేన్‌సాగర్ ఇవతలి నుంచే చూశాం. ఏమీ కనిపించలేదు, వాహనాలు, జనం, తర్వాత పొగ. రాత్రి నా గదిలో అన్నం తింటుంటే టీవీలో చితి సగమే కాలినట్టు చూపించారు. ఎవరి వివరణలు వాళ్ళు ఇచ్చారు తర్వాత. బాపు అన్నం ముందు నుంచి లేచి టీవీ ఆర్పి, వచ్చి మళ్ళీ కూర్చున్నాడు. అన్నం మాత్రం తినలేదు.

బాపు 2013లో పోయాడు. మధ్యలో ఒకసారి, అమెరికా నుంచి వచ్చిపోతున్న మా మేనత్త కొడుకును శంషాబాద్‌లో దింపడానికి మెహిదీపట్నం దగ్గర పీవీ పేరున్న ఫ్లైఓవర్ ఎక్కాం. పదకొండు కిలోమీటర్లకు పైనే. నవోదయలో చదివి డాలస్ దాకా పోయినవాడు కారు కిటికీలోంచి బోర్డు చూసి, "మామా, మీ పీవీ" అన్నాడు. బాపు ఆరాంఘర్ వచ్చేదాకా ఆ గోడల వంకే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత శతజయంతి ఏడాది వచ్చింది, నెక్లెస్ రోడ్‌కు ఆయన పేరు పెట్టారు, విగ్రహం పెట్టారు. గేటు తెరవనివాళ్ళతో సహా అన్ని పార్టీల వాళ్ళూ దండలు వేశారు. అవి బాపు చూడలేదు.

భారతరత్న ప్రకటించిన రోజు మా చుట్టాల గ్రూపులో మధ్యాహ్నం నుంచి ఒకటే మెసేజీలు. మన పీవీ, మన వంగర, మన హన్మకొండ. బాపు తమ్ముడు, మా బాబాయి, 78 ఏళ్ళు, అప్పట్లో మా ఇంటి వెనక పోర్షన్లోనే ఉండేవాడు, తెలుగులో టైపు చేసి పెట్టాడు: 84లో మన వాడంతా ఆయనకే వేసినం, పరకాలోళ్ళు ముంచిండ్రు.

డాలస్ నుంచి మా బావ అడిగాడు: "మామయ్య కూడా పీవీకే వేసి ఉంటాడు కదా?"

నేను రాశాను: "లేదు. జంగారెడ్డికి వేశాడు. పోస్టు డబ్బాలో నేనే వేసి వచ్చాను."

గ్రూపు గప్‌చుప్. గంట, రెండు గంటలు. చూసినట్టు నీలం గీతలు పడుతున్నాయి, ఎవరూ ఏమీ అనట్లేదు. నేనేమో రాసి తప్పు చేశానా అని టెన్షన్ పడుతూ పడుకున్నాను. రాత్రి పదిన్నరకు ఫోన్ మోగింది. బాబాయి వాయిస్ మెసేజ్. నాకొక్కడికే పంపుతున్నాననుకుని గ్రూపులోనే పెట్టేశాడు. గొంతు బాగా తగ్గించి, పక్కన పిన్ని నిద్ర లేవకుండా:

"అరేయ్, ఎవ్వలకు జెప్పకు. నేను గూడ పువ్వుకేరా."